ఆదివారం ఉదయం, పసుపు గొంతు పిగిలిపిట్ట కోసం



నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన ప్రాంతంలో పక్షులు చూడడానికి మంచి కాలం. ఎండ బాధ ఉండదు, వలస వచ్చిన పక్షులూ కనిపిస్తాయి. ఒక ఆదివారం పిల్లల్ని చీకటితోనే లేపండి. గొడవ చేస్తారు, అయినా లేపండి. కలకడ నుంచి గుర్రంకొండ, వాయల్పాడు, మదనపల్లె మీదుగా హార్సిలీ హిల్స్ చేరేసరికి కొండ మీద ఇంకా మంచు కమ్ముకునే ఉండాలి. పక్షులు చురుగ్గా తిరిగేది పొద్దు పొడిచిన తొలి రెండు గంటల్లోనే. టిఫిన్ చేసి తీరిగ్గా బయలుదేరితే మీకు కనిపించేది కోతులే.

పాతవాళ్లు ఏనుగు మల్లమ్మ కొండ అని పిలిచే ఈ చోటు 4,000 అడుగులకు పైన ఉంటుంది. 1870 ప్రాంతంలో కడప కలెక్టరు హార్స్‌లీ ఇక్కడ వేసవి విడిది కట్టుకున్నాక ఆయన పేరు స్థిరపడింది. పైనున్న నీలగిరి తోపులు చూడడానికి బాగుంటాయి కానీ పక్షుల కోసం అక్కడ ఆగకండి. ఘాట్ రోడ్డు పక్కన పెద్ద బండలూ, వాటి మధ్య ముళ్లపొదలూ ఉన్న చోట ఆగండి.

ఎందుకంటే పసుపు గొంతు పిగిలిపిట్ట ఉండేది అక్కడే. మన ఇళ్ల దగ్గర తిరిగే, తోక కింద ఎర్రమచ్చ ఉన్న పిగిలిపిట్టకు ఇది చుట్టం. తల మీద కుచ్చు ఉండదు, గొంతూ తోక అడుగుభాగమూ పచ్చని పసుపు. 1845లో థామస్ జెర్డాన్ దీన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. మన కడప జిల్లాలో 1986లో మళ్లీ దొరికిన కలివికోడికి ఇంగ్లీషులో ఉన్న పేరు కూడా ఈయనదే. ఈ పిగిలిపిట్ట దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. దక్షిణంలోనూ ఇలాంటి రాతి గుట్టల్లోనే ఉంటుంది. గుట్టను గ్రానైటు కోసం కోసేస్తే దీనికి వేరే ఇల్లు దొరకదు. అంతర్జాతీయ జాబితాలో దీన్ని ముప్పు అంచున ఉన్న పక్షుల్లో చేర్చారు. కుప్పం వైపు క్వారీలు చూసినవారికి కారణం చెప్పనక్కర్లేదు.

ఇది మహా బిడియం పిట్ట. ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. పోయిన ఏడాది మా అమ్మాయికి చూపించాలన్న తొందరలో ఫోన్లో దాని కూత పెట్టాను. పిట్ట వచ్చింది. కానీ మా తల చుట్టూ ఆదుర్దాగా తిరుగుతూ పది నిమిషాలు కూస్తూనే ఉంది. వేరే పిట్టేదో తన చోటు ఆక్రమించిందనుకుంది. "నాన్నా, దానికి భయమేస్తోంది, ఆపేయ్" అన్నది తొమ్మిదేళ్ల పిల్ల. కూత పెట్టకండి. ఒకచోట కూర్చుని అరగంట ఓపిక పట్టండి. రాకపోతే వచ్చే నెల మళ్లీ వెళ్లండి.

ఆ కొండలకు దగ్గర్లోనే రిషివ్యాలీ. ఒకప్పుడు కరువుతో బోడిగా ఉన్న ఆ లోయలో చెట్లు నాటి, నీరు నిలిపి, 1991లో దాన్ని పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించుకున్నారు. 200కు పైగా జాతులు అక్కడ నమోదయ్యాయి. అది పాఠశాల ఆవరణ కాబట్టి ముందుగా అనుమతి అడగాలి. చెట్టు వస్తే పిట్ట వస్తుందని పిల్లలకు చూపించడానికి జిల్లాలో అంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు.

సముద్రతీరం పక్షులు కావాలంటే పులికాట్, నేలపట్టు వెళ్లాలి. రాజహంసలు, గూడబాతులు ఉంటాయి గానీ అది ఒక్కరోజు పని కాదు. సాయంత్రానికి మీ ఊరి చెరువు చాలు. నీటికాకులు, బుడుబుంగలు, కొంగలు ఎలాగూ ఉంటాయి. నలుపు తెలుపు మచ్చల లకుముకిపిట్ట కోసం చూడండి. గాలిలో ఒకేచోట రెక్కలు కొట్టుకుంటూ నిలబడి, నిట్టనిలువుగా నీళ్లలోకి దూకుతుంది. పడమటి ఆఫ్రికాలో సెనెగల్, ఘనా నదుల మీదా ఇదే జాతి ఇలాగే చేపలు పడుతుంది. అట్లాసు తెరిచి ఆ దేశాలు చూపించడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు.

ఖర్చంటారా? ఒక బైనాక్యులర్ ఇంటిల్లిపాదికీ సరిపోతుంది, 8×40 అయితే పిల్లల చేతికీ కుదురుతుంది. అది లేకపోయినా నోటుపుస్తకం, పెన్సిలు ఉండాలి. పేరు తెలియకపోతే రంగు, ముక్కు, తోక, ఏం చేస్తోంది అన్నది రాయించండి. పేరు ఇంటికొచ్చాక వెతకవచ్చు, లేదా అమ్మమ్మను అడగవచ్చు. పసులపోలిగాడు, జెముడుకాకి, కౌజు అనే పేర్లు ఆమెకు మనకన్నా బాగా తెలుసు.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. కనీసం 15 నిమిషాలు ఒకచోట చూసి, లెక్కపెట్టి, ఈబర్డ్ అనే ఉచిత యాప్‌లో నమోదు చేయాలి. మేడ మీద నుంచైనా సరే, కాకుల్ని కూడా లెక్కించాలి.