పైన పటారం... లోన నిమ్ము!
తార్నాక గదుల నుంచి పల్లెలకు గోడ కాగితాల మోజు – అంటించే ముందు గోడను చూసుకోవాలి

పైన పటారం లోన లొటారం అని పెద్దలు ఊరకే అనలేదు. నిమ్ము పట్టిన గోడకు రంగురంగుల కాగితం అంటిస్తే జరిగేది అదే. పట్నంలో చదువుకుంటున్న పిల్లలు, ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు వారి వెంట ఈ గోడ కాగితాలు మన ఇళ్లకూ వస్తున్నాయి. పండుగకు సున్నం వేయించడమా, కాగితం అంటించడమా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు తొందరపడి డబ్బు పెట్టవద్దు. ముందుగా తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

అద్దె గదుల అవసరం

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. దాని అంచునే తార్నాక. జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ కూడా ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. 2017లో మెట్రో రైలు కూడా వచ్చింది. కనుక జిల్లాల నుంచి వెళ్లిన విద్యార్థులు, చిన్న ఉద్యోగులు అక్కడ గదులు అద్దెకు తీసుకుని ఉండడం సహజం.

అద్దె గోడకు మేకు కొడతామంటే యజమాని ఊరుకోడు. రంగు వేయించాలంటే ఖర్చు. వెనుక పొర లాగేసి అంటించే జిగురు కాగితం ఇటువంటి వారికి అనువుగా కనిపిస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక ఇల్లే ఆఫీసయింది. కంప్యూటరులో మీటింగు జరుగుతుంటే కుర్చీ వెనుక గోడ అందరికీ కనిపిస్తుంది. పెచ్చులూడిన గోడ కనబడకుండా ఇటుకల బొమ్మ, ఆకుల బొమ్మ ఉన్న కాగితం అంటించడం అలవాటయింది. ఊరికి వచ్చి ఇంటి నుంచే పని చేసుకునే వారు తమ గదికీ అదే కావాలంటున్నారు. కోరిక తప్పు కాదు. అయితే ఏ గోడకు అంటిస్తున్నామన్నదే అసలు ప్రశ్న.

గోడ కూడా గాలి పీల్చాలి

విశ్వవిద్యాలయంలోని ఆర్ట్స్ కళాశాల భవనాన్ని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1939 డిసెంబరు 4న ప్రారంభించారు. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ దానికి రూపకల్పన చేశారు. గులాబీ రంగు గ్రానైటు రాయే ఆ గోడలకు అందం. పైన వేరే తొడుగు అక్కరలేదు.

మన ఇళ్ల ఇటుక గోడ, మట్టి గోడ అటువంటివి కావు. అవి వానాకాలం తడి పీల్చుకుంటాయి, ఎండాకాలం వదిలేస్తాయి. ఎర్రమట్టి అలుకు, జాజు, సున్నం ఈ రాకపోకలకు అడ్డురావు. పైగా సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడుతుంది. దాని క్షారగుణం వల్ల బూజు త్వరగా పట్టదు.

ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం ఈ దారిని మూసేస్తుంది. బయటికి పోలేని తడి కాగితం వెనుకే నిలుస్తుంది. అక్కడ నల్ల బూజు పుడుతుంది. గిలాబు ఉబ్బుతుంది, ఉప్పు పూస్తుంది. కాగితాన్ని, పిండి జిగురును వెతుక్కుంటూ చెదలు, పురుగులు చేరతాయి. ఇదంతా కంటికి కనబడే సరికి ఆలస్యమవుతుంది. ఉబ్బసం ఉన్నవారికి, పసిపిల్లలకు, వృద్ధులకు ఆ బూజు హాని చేస్తుంది.

ఈ సంగతి యూరపు దేశాలు ఏనాడో అనుభవించాయి. స్వీడన్ శాస్త్రవేత్త షీలే 1775లో కనిపెట్టిన ఆకుపచ్చ రంగులో ఆర్సెనిక్ అనే విషం ఉండేది. ఆ రంగును 19వ శతాబ్దంలో గోడ కాగితాలకు విరివిగా వాడారు. తడి గోడపై పుట్టిన బూజు ఆ రంగు నుంచి విషవాయువును పుట్టించగలదని 1890 దశకంలో ఇటలీ వైద్యుడు గోసియో నిరూపించారు. నేటి కాగితాల్లో ఆ రంగు వాడడం లేదు. కాని తడికీ, బూజుకూ ఉన్న చుట్టరికం మాత్రం మారలేదు.

పైసా ఖర్చు లేని పరీక్ష

గోడలో నిమ్ము ఉందా లేదా అన్నది ఎవరికి వారే తెలుసుకోవచ్చు. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు ఉన్న ప్లాస్టిక్ కవరు ముక్కను గోడకు పెట్టి నాలుగు అంచులా టేపు అంటించాలి. రెండు రోజుల తర్వాత తీసి చూడాలి. గోడ వైపు నీటి బొట్లు ఉంటే గోడలోనే నిమ్ము ఉన్నట్లు. గది వైపు బొట్లు ఉంటే గదిలోకి గాలి చాలడం లేదని అర్థం.

అరచేత్తో గోడను రుద్ది కూడా చూడాలి. తెల్లపొడి అంటితే ఆ సున్నం మీద ఏ జిగురూ నిలవదు. గీకించి, లప్పం పెట్టించి, బాగా ఆరిన తర్వాతే కాగితం మాట. కొత్త గిలాబు అయితే కనీసం ఒక నెల ఆగాలి. ఒక వానాకాలం గడిచాక అంటించుకుంటే మరీ మంచిది. 2020 అక్టోబరులో హైదరాబాదులో కురిసిన కుండపోత వానకు లోతట్టు ఇళ్లలోకి నీరు వచ్చింది. అలా మునిగిన గోడ పైకి ఆరినట్లున్నా లోపలి తడి పోవడానికి నెలలు పడుతుందని గుర్తుంచుకోవాలి.

చుట్టల లెక్క

జిగురు పూసి అంటించే కాగితం ఒక చుట్ట సాధారణంగా 21 అంగుళాల వెడల్పు, 33 అడుగుల పొడవు ఉంటుంది. అంటే సుమారు 57 చదరపు అడుగులు. ఒక చుట్టలో 10 అడుగుల పట్టీలు మూడు వస్తాయి. 10 అడుగుల ఎత్తు, 10 అడుగుల వెడల్పు ఉన్న గోడకు ఆరు పట్టీలు కావాలి. కనుక రెండు చుట్టలు చాలు. పెద్ద పూల డిజైనయితే పువ్వుకు పువ్వు కలపడంలో కొంత వృథా పోతుంది. అప్పుడు మూడోది అవసరం కావచ్చు. అన్ని చుట్టల మీదా ఒకే బ్యాచి నంబరు ఉండేలా చూసుకోవాలి. లేకుంటే రంగులో తేడా వస్తుంది. వెనుక జిగురుతో వచ్చే కాగితం కొలతలు రకరకాలుగా ఉంటాయి. చదివి కొనాలి.

అద్దె గదుల్లో ఉన్న పిల్లలకు ఒక హెచ్చరిక. ఖాళీ చేసే రోజున కాగితాన్ని లాగితే రంగు, లప్పం పొరలుగా ఊడివస్తాయి. ఆ మరమ్మతు ఖర్చు అడ్వాన్సులోంచి పోతుంది. ముందే యజమానిని అడగాలి. ఒక మూల చిన్న ముక్క అంటించి, కొన్ని రోజుల తర్వాత తీసి చూడాలి. తీసేటప్పుడు జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడి చేసి మెల్లగా లాగితే నష్టం తగ్గుతుంది.

పొయ్యి పక్కన, దీపం గూట్లో ఇటువంటి కాగితం అసలే వద్దు. నిప్పంటుకుంటుంది. స్నానాల గదిని ఆనుకున్న గోడకు, మట్టి గోడకు కూడా తగదు.

గుడ్డ వేలాడదీస్తే...

మరి గోడ బాగాలేని వారి గతి ఏమిటి? ఉపాయం మన దగ్గరే ఉంది. మచిలీపట్నం ప్రాంతపు అద్దకం గుడ్డలు 17వ శతాబ్దంలో ఓడలెక్కి యూరపుకు వెళ్లాయి. అక్కడివారు వాటిని గోడలకు వేలాడదీశారు. తర్వాత ఆ పూల డిజైన్లనే కాగితం మీద అచ్చువేసుకున్నారు. కుర్చీ వెనుక ఒక కర్ర కట్టి, గోడకు రెండు వేళ్ల ఎడంగా కలంకారీ గుడ్డనో, చేనేత దుప్పటినో వేలాడదీస్తే మీటింగులో అందంగానే కనిపిస్తుంది. వెనుక గాలి ఆడుతుంది. మాసితే ఉతుక్కోవచ్చు. ఇల్లు మారితే చుట్టి తీసుకుపోవచ్చు.

ఏది చేసినా, చేతిలో ఉన్న డబ్బును మొదట స్లాబు పగులుకు, పిట్టగోడ కారుడుకు, పునాది పక్కన నిలిచే నీటికి ఖర్చు పెట్టడం మేలు. అలంకారం ఒక పండుగ ఆగినా నష్టం లేదు. నిమ్ము మాత్రం ఆగదు.