చక్రాలు గీసిన దారి

ఎల్లారెడ్డిపేట దాటి వీర్నపల్లి వైపు వెళ్తుంటే గుట్టలు, అడవి దగ్గరవుతాయి. తండాల దారుల్లో ఫోన్‌కు టవర్ ఒకచోట అందుతుంది, ఇంకోచోట అందదు. టవర్ అందనిచోట తెర మీద రోడ్లు మాయమై ఒట్టి గళ్లు మిగులుతాయి. నీలం చుక్క మాత్రం ఆగదు. కారు ఎటు తిరిగితే అటు తిరుగుతూ, ఆ ఖాళీ గళ్ల మీదే కదులుతూ ఉంటుంది.

"సిగ్నల్ లేకపోతే జీపీఎస్ రాదు" అని చాలామంది అనుకుంటారు. బడిలో ఫిజిక్స్ చెప్పేటప్పుడు కూడా ఈ ప్రశ్న వస్తుంది: సిమ్ తీసేస్తే ఫోన్‌కు తానెక్కడుందో తెలుస్తుందా? తెలుస్తుంది. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తామెక్కడున్నదీ, తమ గడియారంలో టైమెంతైందీ ఎడతెగకుండా ప్రసారం చేస్తుంటాయి. ఫోన్ వినడం తప్ప తిరిగి ఏమీ పంపదు. నాలుగు ఉపగ్రహాల మాటలు చెవిన పడితే, ఒక్కోటి ఎంత ఆలస్యంగా అందిందో చూసి తన చోటు లెక్కగట్టుకుంటుంది. లెక్క చాలా సున్నితం. గడియారం సెకనులో పదిలక్షోవంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఇస్రో నావిక్ ఉపగ్రహాలనూ ఇదే పద్ధతిలో వినగల ఫోన్లు ఇప్పుడు మన మార్కెట్లో ఉన్నాయి.

టవర్ అవసరం మ్యాప్ కోసం. చోటు ఆకాశం చెబుతుంది, మ్యాప్ ఇంటర్నెట్ తెస్తుంది. కారుతోపాటే బిగించి వచ్చే నావిగేషన్, అద్దానికి అతికించుకునే జీపీఎస్ పెట్టె, జేబులో ఫోన్ మూడూ వినేది ఆ ఉపగ్రహాలనే. తేడా రెండుచోట్ల వస్తుంది: మ్యాప్ ఎక్కడ దాచుకున్నారు, ఆకాశం కనిపించనప్పుడు ఏం చేస్తారు. ఈ రెండో ప్రశ్నకు జవాబులు ఉపగ్రహాలకన్నా ముందే కార్లలోకి వచ్చాయి. నావిగేషన్ కథలో అన్నిటికన్నా అందమైన ఘట్టం అదే.

1981లో జపాన్‌లో హోండా కంపెనీ ఎలక్ట్రో గైరోకేటర్ అనే పరికరాన్ని తెచ్చింది. అందులో ఒక చిన్న గదిలో హీలియం వాయువు ధారగా వెళ్లి రెండు వేడి తీగల మధ్య పడేది. కారు నేరుగా వెళ్తుంటే రెండు తీగలూ సమానంగా చల్లబడేవి. కారు తిరిగితే ధార ఒకవైపు ఒరిగి ఒక తీగ ఎక్కువ చల్లబడేది. ఆ తేడాతో ఎంత తిరిగిందో తెలిసేది, చక్రం ఎంత దూరం వెళ్లిందో చెప్పేది. తెర ముందు పారదర్శకమైన మ్యాప్ షీటును డ్రైవరే పెట్టుకోవాలి, షీటు అంచు దాటితే తీసి ఇంకోటి పెట్టాలి. కారు ఎక్కడుందో మెషీన్‌కు ఒక అంచనా ఉండేది గానీ, మ్యాప్‌లో రోడ్లున్నాయన్న సంగతే దానికి తెలీదు.

ఆ సంగతి తెలిసిన మెషీన్ 1985లో కాలిఫోర్నియాలో వచ్చింది. పేరు ఈటాక్ నావిగేటర్. తయారుచేసిన స్టాన్ హనీ సముద్ర పందేలలో పడవలకు దారి చెప్పే నావిగేటర్, పెట్టుబడి పెట్టిన నోలన్ బుష్‌నెల్ అటారీ వీడియో గేముల కంపెనీ స్థాపకుల్లో ఒకరు. వీళ్లిద్దరి పరిచయం కూడా 1983లో బుష్‌నెల్ పడవకు హనీ దారి చూపిన పందెంలోనే కుదిరింది. ఆకుపచ్చ గీతల తెర మధ్యలో కారును సూచించే చిన్న త్రికోణం, దాని చుట్టూ తిరిగే మ్యాప్. ఇవాళ ఫోన్‌లో కనిపించే బాణానికి అదే పూర్వీకుడు. మ్యాపులు క్యాసెట్లలో వచ్చేవి.

ఈటాక్‌లో జీపీఎస్ లేదు. ఒక అయస్కాంత దిక్సూచి, రెండు చక్రాలకు రెండు సెన్సర్లు, అంతే. రెండు చక్రాలు ఎందుకంటే, కారు మలుపు తిరిగినప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం వెళ్తుంది. ఎడమ కుడి చక్రాల మధ్య దూరం మీటరున్నర అనుకుందాం. కారు సరిగ్గా పక్కకు, అంటే 90 డిగ్రీలు తిరిగితే బయటి చక్రం సుమారు 2.36 మీటర్లు ఎక్కువ దొర్లుతుంది. సిరిసిల్ల సందులో ఒక్కసారిగా తిప్పినా, హైవే మీద పెద్ద వంపులో నెమ్మదిగా తిరిగినా తేడా అదే 2.36 మీటర్లు. వంపు పెద్దదైతే రెండు చక్రాలూ ఎక్కువ దూరం పోతాయి గానీ వాటి మధ్య తేడా మాత్రం మారదు. అంటే దొర్లిన దూరాల తేడా చూస్తే చాలు, బండి ఎన్ని డిగ్రీలు తిరిగిందో తెలిసిపోతుంది. దీనికి ఆకాశంతో పనిలేదు.

ఇంత చక్కటి లెక్కకూ ఒక బలహీనత ఉంది. ఒక టైరులో గాలి కాస్త తగ్గి దాని చుట్టుకొలత ఒక్క శాతం మారిందనుకుందాం. కిలోమీటరు నేరుగా వెళ్లేసరికి రెండు చక్రాల లెక్కల్లో 10 మీటర్ల తేడా పడుతుంది. మీటరున్నర వెడల్పు బండి ఒక పూర్తి చుట్టు తిరిగితే వచ్చే తేడా 9.42 మీటర్లే. అంటే కారు తిన్నగా వెళ్తున్నా మెషీన్ మాత్రం "ఒక చుట్టు తిరిగేశాం" అనుకుంటుంది! వెయ్యోవంతు తేడా ఉన్నా కిలోమీటరుకు 38 డిగ్రీలు పక్కకు పోతుంది. దిక్సూచి కొంత సరిదిద్దుతుంది గానీ ఇనుప వంతెనలు, లారీలు దాన్నీ తికమకపెడతాయి. కళ్లకు గంతలు కట్టుకుని అడుగులు లెక్కపెడుతూ ఊరు దాటాలనుకున్న మనిషి పరిస్థితి ఇది. ఒక్కో అడుగులో తప్పు చిన్నదే, కానీ ప్రతి తప్పూ వెనకటిదానికి తోడవుతుంది.

హనీ బృందం దీనికి కనిపెట్టిన మందు ఒక మామూలు నిజం: కార్లు రోడ్ల మీదే వెళ్తాయి. జగిత్యాల నుంచి కోరుట్లకు 63వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తున్న బండినే తీసుకుందాం. నేరుగా వెళ్లినకొద్దీ ఎంత దూరం వచ్చామన్న తప్పు పేరుకుంటుంది. కోరుట్లలో బండి కుడివైపు తిరిగింది. మెషీన్ లెక్క ప్రకారం అక్కడ పొలమే ఉంది, కానీ మ్యాప్ ప్రకారం 60 మీటర్ల ముందు కుడివైపు ఒక వీధి ఉంది. అయితే బండి ఆ వీధిలోనే ఉండాలి. మెషీన్ చుక్కను అక్కడికి జరుపుతుంది, పేరుకున్న 60 మీటర్ల తప్పు ఒక్క మలుపుతో చెరిగిపోతుంది. మలుపులు ఎక్కువైనకొద్దీ లెక్క కుదుటపడుతుంది. మనుషులు దారి తప్పేది వంకర సందుల్లో, ఈ మెషీన్‌కు కష్టం తిన్నటి రోడ్డు మీద. ఈ ఉపాయం ఇప్పటికీ ప్రతి నావిగేషన్‌లో, ప్రతి ఫోన్ మ్యాప్‌లో బతికే ఉంది.

వీర్నపల్లి తండాలకు కొత్తగా తారు వేసిన దారి మ్యాప్‌లో లేకపోతే చుక్క పక్కనున్న పాత రోడ్డు మీదికి దూకడానికి కారణం కూడా ఇదే. కొత్త రోడ్డు మెషీన్‌కు తెలియదు గనుక చుక్కను తెలిసిన రోడ్డు మీదికి లాగుతుంది.

కారులో బిగించిన నావిగేషన్ బలం ఇప్పటికీ చక్రాల్లోనే ఉంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ బ్రేకులు తప్పనిసరి అయ్యాయి. ఆ బ్రేకుల కోసం చక్రాలకు వేగం కొలిచే సెన్సర్లు ఎలాగూ ఉంటాయి, నావిగేషన్ వాటినే వాడుకోవచ్చు. హీలియం గది స్థానంలో గోరుకన్నా చిన్న చిప్పులో కంపించే సిలికాన్ గైరో వచ్చింది. యాంటెన్నా కారు పైకప్పు మీద ఉంటుంది, దానికీ ఆకాశానికీ మధ్య అడ్డేమీ ఉండదు. సొరంగంలోకి వెళ్తే ఫోన్ చుక్క పాత వేగాన్ని బట్టి ఊహించుకుంటూ పోతుంది, కారు మాత్రం నిజంగా దొర్లిన దూరాన్ని కొలుస్తుంది.

బలహీనత మ్యాప్ వయసు. డిస్కులోనో కార్డులోనో దాచిన మ్యాప్ దాచిన రోజు దగ్గరే ఆగిపోతుంది. 2016కు ముందు దాచిన మ్యాప్‌లో వీర్నపల్లి మండలమే ఉండదు, రాజన్న సిరిసిల్ల జిల్లా ఉండదు, అంతా కరీంనగరే. అంతకన్నా పెద్ద మార్పు మిడ్ మానేరు. 2019 చివరికి జలాశయం నిండింది. అనుపురం, చింతల్‌ఠాణా, చీర్లవంచ లాంటి ఊళ్లు మునిగాయి, జనం పునరావాస కాలనీలకు పోతూ ఊరి పేరును కూడా వెంట తీసుకెళ్లారు. పాత మ్యాప్‌ను ఆ పేరు అడిగితే నీళ్లవైపు దారి చూపిస్తుంది. ఇళ్లూ పొలాలూ వదిలి తరలిపోయిన మనుషుల ఊరు అది. మ్యాప్‌లో దాన్ని సరైన చోట పెట్టడం వాళ్లకు ఇవ్వాల్సిన కనీస గౌరవం.

అద్దానికి అతికించే పెట్టెల కాలం త్వరగా గడిచిపోయింది. 2000 మేలో అమెరికా పౌరుల జీపీఎస్‌ను కావాలని మసకబార్చడం మానేసింది, అంతవరకూ 100 మీటర్ల దాకా ఉన్న తప్పు ఒక్కసారిగా తగ్గింది. గార్మిన్, టామ్‌టామ్ పెట్టెలు ప్రపంచమంతా అమ్ముడయ్యాయి. ఇక్కడ హైదరాబాద్‌కు చెందిన సత్‌నావ్ టెక్నాలజీస్ 'సత్‌గైడ్' పేరుతో, ఢిల్లీ నుంచి మ్యాప్‌మైఇండియా తన పేరుతోనే నావిగేషన్ తెచ్చాయి. ఈటాక్ మ్యాపులు చేతులు మారి టెలీ అట్లాస్‌కు, 2008లో దాన్ని కొన్న టామ్‌టామ్‌కు చేరాయి. మరుసటి ఏడాది అక్టోబరులో గూగుల్ ఫోన్‌లో మలుపు మలుపుకూ దారి చెప్పే నావిగేషన్‌ను ఉచితంగా ప్రకటించింది. ఆ రోజే గార్మిన్, టామ్‌టామ్ షేర్లు కుప్పకూలాయి.

ఫోన్ గెలిచింది ఉచితం కావడం ఒక్కదానివల్లే కాదు. మ్యాప్‌ను జనం చేతికివ్వడం వల్ల కూడా. లలితేష్ కాట్రగడ్డ గూగుల్‌లో ఉండగా మొదలుపెట్టిన మ్యాప్ మేకర్ 2008లో వచ్చింది. కొలిచి గీసిన మ్యాపులు దొరకని దేశాల్లో ఊరివాళ్లే తమ వీధిని, చెరువును, బడిని గీసుకునే వీలు కలిగింది. 2017లో అది మూతపడినా, రోడ్డు తప్పుంటే వాడేవాళ్లే దిద్దే పద్ధతి గూగుల్ మ్యాప్స్‌లోకి వచ్చి చేరింది.

అడవి దారిలో ఫోన్ తడబాటుకు ఇంకో కారణం ఉంది. ఉపగ్రహం తన కక్ష్య వివరాలను సెకనుకు 50 బిట్ల చొప్పున పంపుతుంది. వాటిని పూర్తిగా అందుకోవాలంటే అడ్డు లేకుండా అర నిమిషం వినాలి, చెట్ల కింద అది మధ్యమధ్య తెగుతుంది. టవర్ ఉన్నచోట ఫోన్ ఆ వివరాలను నెట్ నుంచి క్షణంలో తెచ్చుకుంటుంది, అవి కొన్ని గంటలపాటు పనికొస్తాయి. అందుకే సిరిసిల్లలో ఉండగానే యాప్ తెరిచి, ఆ ప్రాంతం మ్యాప్‌ను డౌన్‌లోడ్ చేసుకుని బయలుదేరితే అడవిలో టవర్ లేకపోయినా దారి కనిపిస్తుంది.

ఇప్పుడు ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లేలతో ఫోన్ మ్యాప్ కారు తెర మీదికి వచ్చింది. కారు తయారీదారు అనుమతిస్తే కారు పైకప్పు యాంటెన్నా చెప్పే చోటు, చక్రాల వేగం కూడా ఫోన్‌కు అందుతాయి. అప్పుడు తాజా మ్యాప్, నమ్మకమైన చక్రం ఒకేచోట కలుస్తాయి.

అలా కలిసినా తేలని చిక్కు ఒకటి హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉంది. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే పదకొండున్నర కిలోమీటర్ల ఫ్లైఓవర్, దాని కిందే ఇంకో రోడ్డు. పైనుంచి చూస్తే రెండూ ఒకే గీత. జీపీఎస్‌కు పక్కకన్నా ఎత్తులో తప్పు ఎక్కువ. కారులోని సెన్సర్లు ర్యాంపు ఎక్కేటప్పుడు ముందు భాగం లేవడాన్ని పసిగట్టగలవు. కొన్ని ఫోన్లలో గాలి పీడనం కొలిచే చిప్పు ఉంటుంది. పది మీటర్లు ఎక్కితే పీడనం సుమారు 1.2 మిల్లీబార్లు తగ్గుతుంది, చిప్పుకు అది తెలుస్తుంది. కానీ అద్దం దించినా, ఏసీ ఫ్యాను పెంచినా కారులోపల పీడనం కాస్త అటూఇటూ అవుతుంది. ఆ చిన్న తేడాల్లోంచి ఫ్లైఓవర్ ఎక్కిన తేడాను వేరుచేయడం మీద ఇంజనీర్లు ఇంకా పనిచేస్తూనే ఉన్నారు.