దండులో నలభై మంది, వార్తలో ఒక్క పేరు

1969 ఆగస్టు 8న లండన్‌లోని ఎబీ రోడ్డు మీద నలుగురు యువకులు వరుసగా జీబ్రా గీతలు దాటుతుండగా తీసిన ఫొటో ఒక ఆల్బమ్ అట్టకెక్కింది. అట్ట ముందువైపు బ్యాండు పేరు వేయలేదు, ఆల్బమ్ పేరూ వేయలేదు. అయినా బీటిల్స్ పాటలు వినేవారిని ఎవరిని కదిపినా జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్ అని నాలుగు పేర్లూ చెబుతారు. వెనక కూర్చుని డ్రమ్ములు వాయించే రింగోకు ముందు నిలబడి పాడేవారితో సమానమైన గుర్తింపు ఉంది. 1970లో విడిపోయిన ఆ బృందం మీద ఇప్పటికీ పుస్తకాలు, సినిమాలు వస్తూనే ఉన్నాయి. వాళ్లు నడిచిన గీతలకు 2010లో బ్రిటన్ ప్రభుత్వం వారసత్వ హోదా ఇచ్చింది. 1969 జనవరిలో వాళ్లు చేసిన సాధన మీద పీటర్ జాక్సన్ తీసిన 'గెట్ బ్యాక్' దాదాపు 8 గంటల డాక్యుమెంటరీ. అది విడుదలైంది 2021 నవంబరులో.

సరిగ్గా అదే నెలలో ఢిల్లీలో కనకరాజు పద్మశ్రీ అందుకున్నారు. ఆ ఏడాది ప్రకటించిన 102 పద్మశ్రీలలో ఆయనది ఒకటి. ఊరు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలం మర్లవాయి. 1940లలో మానవశాస్త్రవేత్తలు హైమన్‌డార్ఫ్ దంపతులు గోండుల మధ్య ఉండి పనిచేసిన ఊరు అది. కళ గోండుల నృత్యం గుస్సాడీ. టీవీల్లో, పత్రికల్లో, ఫోన్లలో నెమలి ఈకల టోపీతో ఆయన ఫొటో కనిపించని చోటు లేదు. ఆ గౌరవం ఆయనకు నూటికి నూరుపాళ్లు తగినదే. నా బాధల్లా ఆ ఫొటోలో ఆయన చుట్టూ ఉన్నవాళ్ల గురించి.

గుస్సాడీ ఒక్కడి ఆట కాదు. ఆశ్వయుజ పున్నమి తర్వాత మొదలై దీపావళికి ముగిసే దండారీ పండుగలో ఊరికో దండు కడుతుంది. ఇరవై నుంచి నలభై మంది దాకా ఉంటారు. గుస్సాడీలు ఒంటికి బూడిద పూసుకుని, భుజాన జింక చర్మం వేసుకుని, చేత కర్ర పట్టి, నడుముకు కట్టిన గజ్జెలు ఘల్లుమంటుంటే గెంతుతారు. వాళ్ల కాళ్లను నడిపించేది పక్కన ఉన్న వాద్యాలు: డోలు, తుడుం, గుమేల, వెట్టె, పెప్రె, కాలికొమ్ము. కొమ్ము ఊదేవాడు ఊపిరి బిగబట్టి ఒక్క స్వరాన్ని సాగదీస్తే గుస్సాడీలు వేగం పెంచుతారు. తుడుం ఆగితే ఆట ఆగుతుంది. దండు ఊరి నుంచి ఊరికి అతిథిగా వెళ్తుంది, అక్కడి దండుతో కలిసి రాత్రంతా ఆడుతుంది, తెల్లారి భోజనం చేసి సెలవు తీసుకుంటుంది. ఊళ్లో ప్రతి వాయిద్యగాడి పేరూ అందరికీ తెలుసు. మైకు, కెమెరా వచ్చాకే నలభై మంది ఒక్కరవుతారు.

2024లో దండారీ రోజులు నడుస్తుండగానే, అక్టోబరు 25న, కనకరాజు కన్నుమూశారు. వార్తలు వచ్చాయి, నివాళులు వచ్చాయి. ఆయన ఆటకు తుడుం కొట్టినదెవరో, పెప్రె ఊదినదెవరో నేను చదివిన వార్తల్లో ఎక్కడా లేదు.

కరీంనగర్ వైపు ఒగ్గుకథదీ ఇదే తీరు. వేములవాడ పక్కన హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు పేరు చెప్పకుండా ఒగ్గుకథ గురించి ఎవరూ మాట్లాడరు. కానీ మల్లన్న కథో బీరప్ప కథో రాత్రంతా నిలబడేది వంతవాడి వల్ల. కథకుడు ఊపిరి తీసుకునే చోట వంతవాడు అందుకోవాలి, వినేవాడు జోగే చోట ప్రశ్న వేసి నవ్వించాలి. ఆ పని తెలిసినవారి పేర్లు రాసిపెట్టలేదు. ఈ రోజు సభల్లో, ఊరేగింపుల్లో ఒగ్గుడోలు లేనిదే ముందుకు కదలరు. బ్యానరు మీద మాత్రం 'కళాకారులు' అని ఒక్క మాట.

దీనికి ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటుంది. 2023 మార్చి 3న విడుదలైన 'బలగం' సినిమా. సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి తన ప్రాంతపు చావింటి కథనే తెరకెక్కించాడు. చివర్లో కథ పాడిన బుడగజంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ వరంగల్ జిల్లా దుగ్గొండి వాసులు. వాళ్లిద్దరి పేర్లూ జనం నోళ్లలో నానాయి. మొగిలయ్యకు కిడ్నీలు చెడిపోతే ఆ పేరే ఆయన వైద్యానికి సాయం తెచ్చింది. 2024 డిసెంబరు 19న ఆయన పోయినప్పుడు రాష్ట్రమంతా పేరు పెట్టి దుఃఖించింది. పేరుకు ఉన్న విలువ అంత.

ఇక చట్టం. 1957 కాపీరైట్ చట్టం గాయకులు, వాద్యకారులు, నర్తకులతో పాటు పాములవాళ్లను కూడా ప్రదర్శకులుగానే లెక్కిస్తుంది. ప్రదర్శన మీద హక్కు 50 ఏళ్లు. 2012 సవరణ ఇచ్చిన హక్కుల్లో రెండు ముఖ్యం: ప్రదర్శనను వ్యాపారానికి వాడితే రాయల్టీ, తన పేరు చెప్పమని అడిగే హక్కు. అయితే ఒక మెలిక ఉంది. సినిమాలో యాదృచ్ఛికంగా కనిపించి, పరిశ్రమ అలవాటు ప్రకారం క్రెడిట్లలో పేరు పడనివారు ప్రదర్శకుల కిందికే రారు. తమ ప్రదర్శనను పరువుపోయేలా వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు ఒక్కటే వాళ్లకు మిగులుతుంది. పాట వెనక రెండు నిమిషాలు ఆడిపోయే దండుకు ఎక్కువగా పొంచి ఉన్న ప్రమాదం ఇదే. పేరు పడలేదంటే పోయేది మర్యాద ఒక్కటే కాదు, రాయల్టీ అడిగే దారి కూడా మూసుకుపోవచ్చు. తరతరాల పాటకు రచయిత ఎవరో తేలదు గనుక రచయిత హక్కు కిందా దండుకు దక్కేదేమీ ఉండదు. ప్రదర్శకుడి హక్కే దిక్కు.

కాబట్టి బృందాలను పిలిచే నిర్మాతలు, అధికారులు, ఛానళ్లవారు ఒక కాగితం మీద అందరి పేర్లూ, ఎవరు ఏ వాద్యమో రాసి, ఒప్పందంలో చేర్చి, తెరమీద వేయాలి. నలభై పేర్లకు పట్టేది కొన్ని సెకన్లే. వచ్చే దండారీకి ఉట్నూరు, జైనూరు వైపు వెళ్లి ఫోన్లో వీడియో తీసేవారికీ నా మనవి ఇదే: తీసే ముందు అనుమతి అడగండి, తీశాక కొమ్ము ఊదినాయన పేరు, తుడుం కొట్టినాయన పేరు అడిగి వీడియో కింద రాయండి.