గ్రాఫీన్‌లో కరెంట్ ఆగదు.. బోరాన్ నైట్రైడ్ కలిపితే ఆగుతుందా?

ఒకే ఒక్క పరమాణువు మందం ఉండే కార్బన్ పొర.. అదే గ్రాఫీన్. 2004లో మాంచెస్టర్ యూనివర్సిటీలో ఆండ్రీ గీమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్ మామూలు టేప్‌తో గ్రాఫైట్ నుంచి దీన్ని ఊడదీశారు. 2010లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్నారు. ఇందులో ఎలక్ట్రాన్లు దూసుకుపోతాయి. మరి మన ఫోన్ చిప్ ఇప్పటికీ సిలికాన్‌తోనే ఎందుకు నడుస్తోంది?

అసలు చిక్కు ఎక్కడ?

చిప్‌లోని ట్రాన్సిస్టర్ అంటే ఒక బుల్లి స్విచ్. ఆన్ అయితే 1, ఆఫ్ అయితే 0. సరిగ్గా ఆఫ్ కావాలంటే ఆ పదార్థంలో ‘బ్యాండ్ గ్యాప్’ ఉండాలి. కరెంట్ పారాలంటే ఎలక్ట్రాన్లు దాటాల్సిన గడప లాంటిది అది. సిలికాన్‌లో ఈ గడప ఎత్తు సుమారు 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు. గ్రాఫీన్‌లో మాత్రం సున్నా! అందుకే అది పూర్తిగా ఆఫ్ కాదు.

బోరాన్ నైట్రైడే ఎందుకు?

కార్బన్ బయటి కక్ష్యలో 4 ఎలక్ట్రాన్లు ఉంటాయి. బోరాన్‌కు 3, నైట్రోజన్‌కు 5.. సగటున అదే 4. అందుకే బోరాన్ నైట్రైడ్ కూడా గ్రాఫీన్‌లాగే తేనెపట్టు ఆకారంలో పొరగా అమరుతుంది. గదుల సైజులో తేడా 2 శాతం లోపే. కానీ నైట్రోజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది. దాంతో గడప ఏకంగా 6 ఎలక్ట్రాన్ వోల్టుల దాకా పెరుగుతుంది. అంటే ఇది కరెంట్‌ను పోనివ్వదు.

రెండూ కలిపితే?

2010లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో, కేరళలో పుట్టిన శాస్త్రవేత్త పులిక్కల్ అజయన్ బృందం ఈ పని చేసి చూపించింది. వేడి రాగి రేకు మీదకు కార్బన్ కోసం మీథేన్, బోరాన్, నైట్రోజన్‌ల కోసం అమ్మోనియా బోరేన్ పంపి పలుచని పొర పెంచింది. కార్బన్ పాళ్లు మార్చితే కరెంట్ పారే తీరు కూడా మారింది. చిన్న బ్యాండ్ గ్యాప్ కూడా కనిపించింది.

కానీ ఇక్కడే ఓ ట్విస్ట్. ఇవి పాలలో చక్కెరలా కలిసిపోవు. కార్బన్ కార్బన్‌తోనే జత కడుతుంది, బోరాన్ నైట్రోజన్‌తోనే. ఫలితంగా పొరలో విడివిడిగా దీవులు ఏర్పడతాయి. కార్బన్ దీవి వెడల్పుగా ఉంటే మామూలు గ్రాఫీన్‌లాగే ప్రవర్తిస్తుంది. సన్నని పట్టీలా ఉంటేనే గడప లేస్తుంది. అంటే ఎంత కలిపామన్నదే కాదు, ఎక్కడ ఏ ఆకారంలో ఉందన్నదీ ముఖ్యమే.

అందుకే 2013లో రైస్ పరిశోధకులు రూటు మార్చారు. ముందు బోరాన్ నైట్రైడ్ పొర పెంచి, కావాల్సిన డిజైన్‌లో చెక్కి, ఆ ఖాళీల్లో గ్రాఫీన్ నింపారు. ఒకే పొరలో కరెంట్ వెళ్లే దారి, ఆపే గోడ రెండూ వచ్చాయి. ఇక అసలు పరీక్ష ఆ దారిని కొద్ది నానోమీటర్లకు కుదించి, అంచులు చెదరకుండా నిలపడమే. అది కుదిరితేనే గ్రాఫీన్ స్విచ్‌కు ‘ఆఫ్’ దొరుకుతుంది.