తొలి తెర మీద ఏముండాలి?

అమెరికాలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయం హోమ్ పేజీ పైభాగాన చిత్రాలు మారుతుండే స్లైడర్ ఉండేది. 2013లో దాని క్లిక్కుల లెక్క బయటికొచ్చింది. వచ్చినవాళ్లలో ఆ చిత్రాలను నొక్కినవాళ్లు సుమారు 1 శాతం. ఆ నొక్కుళ్లలో 84 శాతం మొదటి చిత్రానివే. అంటే 10,000 మంది వస్తే మొదటి చిత్రానికి 84 క్లిక్కులు, మిగతావన్నిటికీ కలిపి 16. అయినా మన కాలేజీలు, ఆసుపత్రులు సైట్ చేయించుకునేటప్పుడు ముందు అడిగేది స్లైడరే! యాజమాన్యంలో ఎవరి ఫొటోనూ వదలకుండా పెట్టడానికి అంతకన్నా వీలైన చోటు ఉండదు మరి.

అయితే పైభాగానికి విలువ తగ్గిందా? కొంత తగ్గింది. నీల్సన్ నార్మన్ గ్రూప్ పరిశోధకులు జనం కళ్లు తెర మీద ఎక్కడ నిలుస్తున్నాయో గమనించారు. 2010లో చూపు సమయంలో 80 శాతం తొలి తెర మీదే, అంటే కిందికి జరపకముందు కనిపించే భాగం మీదే గడిచేది. 2018 నాటికి అది 57 శాతానికి దిగింది. జనానికి కిందికి జరపడం అలవాటైంది. కాబట్టి అన్నీ పైనే కుక్కాల్సిన పని లేదు. ఇది ఎవరి సైటు, నాకేం దొరుకుతుంది, ఇప్పుడేం నొక్కాలి అన్న మూడింటికి జవాబుంటే చాలు. ఆసుపత్రి అయితే పేరు, ఊరు, ఏ వైద్యం, అపాయింట్‌మెంట్ బటన్. స్వాగత వాక్యాలు ఎవరూ చదవరు.

వేగం సంగతి అసలైనది. పైభాగంలోని పెద్ద అంశం 2.5 సెకన్లలోపు కనిపించాలని గూగుల్ కొలత. 2 ఎంబీ ఫొటో పెడితే 4 ఎంబీపీఎస్ నెట్‌లో అదొక్కటి దిగడానికే 4 సెకన్లు. దాన్నే 200 కేబీకి కుదిస్తే 0.4 సెకన్లు. కిందికి జరిపాకే చిత్రాలు దిగేలా పెట్టే లేజీ లోడింగ్ ఈ పై ఫొటోకు మాత్రం వద్దు.

తెలుగు శీర్షికకు ఇంకో చిక్కుంది. పైన గుడులు, కింద వత్తులు ఒకదానికొకటి తగలకుండా వరుసల మధ్య చోటు వదలాలి. 32 పిక్సెళ్ల అక్షరానికి ఒకటిన్నర రెట్ల వరుస ఎత్తు ఇస్తే మూడు వరుసలకు 144 పిక్సెళ్లు. 640 పిక్సెళ్ల ఎత్తున్న ఫోన్ తెరలో ఐదో వంతుకు పైనే పోయింది. అందుకే శీర్షికను రెండు వరుసలు దాటనివ్వొద్దు. ఫాంట్ కుదరలేదని శీర్షికను బొమ్మగా మార్చి పెడుతుంటారు. చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు ఆ బొమ్మలోని అక్షరాలు నేరుగా అందవు. ఫొటో మీద అక్షరాలు వేస్తే వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3:1 చాలు.

డిజైనర్ పెద్ద కంప్యూటర్ తెర మీద చూపించే నమూనా చూసి చివరి వాయిదా చెల్లించకండి. చవక ఫోన్‌లో, మొబైల్ డేటా మీద తెరిచి చూపించమనండి.