చక్రాల ఇంటికి మట్టం ముఖ్యం

అమెరికాలో వున్న బిడ్డల దగ్గరకు వెళ్ళొచ్చిన పెద్దలు చెప్పే కబుర్లలో మోటార్‌హోమ్ ఒకటి. మినీబస్సంత బండిలో మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ వుంటాయి. సెలవుల్లో దీన్ని అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ వంటి జాతీయ ఉద్యానవనాలకు పోతారు. రాత్రికి అక్కడ కేటాయించిన స్థలంలో నిలుపుకుంటారు. ఆ స్థలాలన్నీ సిమెంటు గచ్చులు కావు. మట్టి, గులకరాళ్ళు, ఎగుడుదిగుళ్ళు మామూలే.

బండి ఒరిగి వుంటే తల కిందికై నిద్ర పట్టదు. స్నానం నీళ్ళు మూలన నిలుస్తాయి. ఇవి ఒక రాత్రికి ఓర్చుకోవచ్చు. ఓర్చుకోనిది ఫ్రిజ్. చాలా బండ్లలో వుండే గ్యాస్ ఫ్రిజ్‌కు కంప్రెసర్ వుండదు. అమ్మోనియా కలిసిన నీరు వేడికి మరిగి, చల్లారి, తన బరువుతో తానే గొట్టాల్లో కిందికి జారుతూ తిరగాలి. మట్టం తప్పితే అది ఒకచోట ఆగిపోతుంది. గొట్టం అతిగా కాగి, మరమ్మతుకు లొంగనంతగా పాడవుతుంది. కంప్రెసర్‌తో నడిచే కొత్త రకాలకు ఈ బెడద తక్కువ.

ఖరీదైన పెద్ద బండ్లకు మీట నొక్కితే దిగే హైడ్రాలిక్ జాక్‌లు వుంటాయి. అద్దె బండ్లలో చాలావాటికి వుండవు. నాలుగు రోజుల ప్రయాణానికి వాటి అవసరమూ లేదు. ఒకదానిపై ఒకటి పేర్చే ప్లాస్టిక్ దిమ్మెలు, చక్రాలకు అడ్డుపెట్టే చెక్కలు, మన తాపీమేస్త్రి వాడే రసమట్టం చాలు. దిమ్మెలు ఎంత బరువు మోస్తాయో చూసి మరీ కొనాలి. రాళ్ళు పెడితే పోదా అంటారు మనవాళ్ళు. గుండ్రాయి జారుతుంది, పదునురాయి టైరును కోస్తుంది.

ఎంత ఎత్తు పెట్టాలో తెలుసుకోవడం తేలిక. 2 అడుగుల రసమట్టాన్ని బండి లోపల నేలపై అడ్డంగా పెట్టి, బుడగ నడిమికి వచ్చేదాకా పల్లపు కొస ఎత్తాలి. ఆ సందు అర అంగుళమైతే, 6 అడుగుల ఎడమున్న చక్రాలకు మూడింతలు, అంటే ఒకటిన్నర అంగుళం ఎత్తు కావాలి. ముందు పక్కల మట్టం, ఆ తర్వాత ముందువెనుకల మట్టం చూసుకోవాలి. వెనక జంట టైర్లుంటే రెండింటి కిందా దిమ్మెలు పడాలి. ఒక్కదాని కిందే పెడితే బరువంతా దానిమీదే పడుతుంది.

జాక్‌లున్న బండి అయినా వెనక చక్రాలను నేల విడిచేలా ఎత్తకూడదు. చాలా బండ్లకు పార్కింగ్ బ్రేకు పట్టేది ఆ చక్రాలనే. అవి గాలిలో వుంటే బండి జాక్‌ల మీది నుంచి దొర్లవచ్చు. కొన్ని బండ్లకు మూలల్లో వుండే సన్నటి కాళ్ళు వూపు ఆపడానికే గాని బరువెత్తడానికి కావు. మెత్తటి నేలైతే జాక్ కింద వెడల్పాటి పలక వేయాలి.

బండిని దిమ్మెల మీదికి ఎక్కించేటప్పుడు ముసలివాళ్ళు, పిల్లలు దిగి దూరంగా వుండాలి. చెయ్యి వూపి దారి చూపేవారు చక్రాలకు ఎదురుగా కాక, డ్రైవరుకు కనిపించేలా పక్కన నిలవాలి.