నక్షత్రం మండదు

నక్షత్రాలు మండుతున్నాయని మనం చాలాకాలంగా రాస్తున్నాం. కవితలో ఆ మాట వుండటానికి నాకు అభ్యంతరం లేదు. అయితే దాన్నే వివరణగా కూడా నమ్మితే, నూరేళ్ల శాస్త్రచర్చ తేల్చిన విషయాన్ని కాదనుకున్నట్టే.

మంట అంటే ఇంధనం ఆక్సిజన్‌తో కలవటం. పొయ్యిలో కట్టె చేసే పని అది. సూర్యుడంతటి బొగ్గుగుట్ట ఇంత వెలుగూ ఇస్తూ మండితే కొన్ని వేల ఏళ్లకే బూడిదవుతుంది. అందుకే 19వ శతాబ్దంలో కెల్విన్, హెల్మ్‌హోల్ట్జ్‌లు సూర్యుడు తన బరువుకు తానే కుంచించుకుపోతూ వేడెక్కుతున్నాడన్నారు. ఆ లెక్కన కూడా సూర్యుడి వయస్సు కొన్ని కోట్ల ఏళ్లే. భూమి పొరలూ, డార్విన్ పరిణామవాదమూ అంతకు మించిన కాలాన్ని అడిగాయి. చివరికి రాళ్ల సాక్ష్యమే నెగ్గింది. భూమి వయస్సే సుమారు 450 కోట్ల ఏళ్లు.

మరి ఇంధనం ఏది? జవాబుకు దారి నక్షత్రకాంతిలోనే వుంది. ఆ కాంతిని పట్టకం గుండా పంపితే వర్ణపటంలో నల్లగీతలు కనిపిస్తాయి. ఏ గీత ఏ మూలకానిదో ముందే తెలుసు. గీతల బలానికీ వేడికీ గల సంబంధాన్ని అర్థం చేసుకోవటానికి మేఘనాథ్ సాహా 1920లో ప్రకటించిన సమీకరణం తోడ్పడింది. దాని ఆధారంతో 1925లో సిసిలియా పేన్ అనే యువ పరిశోధకురాలు నక్షత్రాల్లో అత్యధికభాగం హైడ్రోజనేనని లెక్క తేల్చింది. ఆనాటి ప్రముఖుడు హెన్రీ నారిస్ రసెల్ అది అసంభవమన్నాడు. ఆ ఫలితం నిజం కాకపోవచ్చునని ఆమె తన సిద్ధాంతవ్యాసంలోనే రాసుకోవలసి వచ్చింది. 1929లో రసెల్ కూడా వేరే దారిన అదే నిర్ణయానికి వచ్చాడు.

సూర్యగర్భంలో వేడి సుమారు కోటిన్నర డిగ్రీలు. అక్కడ నాలుగు హైడ్రోజన్ కేంద్రకాలు అంచెలంచెలుగా కలిసి ఒక హీలియం కేంద్రకమవుతాయి. దాని ద్రవ్యరాశి ఆ నాలుగింటి మొత్తం కన్నా 0.7 శాతం తక్కువ. తగ్గిన ఆ కొంచెమే శక్తిగా మారుతుంది. 1920లో ఎడింగ్టన్ ఊహించిన ఈ సంలీనాన్ని 1930ల చివర హాన్స్ బెథే దశలవారీగా వివరించాడు. సూర్యుడు సెకనుకు సుమారు 40 లక్షల టన్నుల ద్రవ్యరాశిని ఇలా వెచ్చిస్తున్నాడు.

ఆ శక్తి తిన్నగా బయటికి రాదు. దట్టమైన పొరల్లో తగులుతూ, చెదురుతూ పైకి చేరటానికి వేల ఏళ్లు, లక్ష దాటిన ఏళ్లు కూడా పడుతుందని అంచనా. మన కంటికి తెలిసేది సుమారు 5,500 డిగ్రీల వేడి వున్న పైపొర వెలుగు. అక్కడినుంచి భూమికి రావటానికి 8 నిమిషాల పైచిలుకు చాలు. లోపలికి నొక్కే గురుత్వమూ, బయటికి తోసే ఒత్తిడీ సరితూగినంతకాలం నక్షత్రం నిలుస్తుంది.

రచయితలు భౌతికశాస్త్ర పాఠం చెప్పాలని నేననను. పోలిక మాత్రం వస్తువు స్వభావాన్ని తలకిందులు చేయకూడదు. త్యాగానికి ప్రతీకగా, కాలి బూడిదయ్యే నక్షత్రాన్నే ఇంకా వాడుతున్నాం. నిజానికి అది వెలుగుతున్నది చిన్నవాటిని కలిపి పెద్దవాటిని నిర్మిస్తున్నందువల్ల. మన రక్తంలోని ఇనుమూ, ఎముకల్లోని కాల్షియమూ నక్షత్రాల్లో తయారయినవే. ఈ సంగతి తెలిసిన కవి పాత పోలికతో సరిపెట్టుకోలేడు.